ఎదుటివాని పొగ

కాకతీయుల ఓరుగల్లులో పొగకు కొదువ ఉండదు. వంటయిండ్ల పొగ, కమ్మరి కొలుముల పొగ, గుడులలో గుగ్గిలపు ధూపము, చలికాలపు నెగళ్ల పొగ, ఇవన్నియు ఆ కోటలోని వారు ఎరిగినవే. కాని ఒక్క పొగ మాత్రము అక్కడ లేదు. 1163లో హనుమకొండలో వేయిస్తంభముల గుడిని నిర్మింపజేసిన రుద్రదేవుడు గాని, 1323లో రాజ్యమును కోల్పోయిన ప్రతాపరుద్రుడు గాని పొగాకును చూచి యెరుగరు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు నావలు ఆ తీరమును చేరువరకు తక్కిన ప్రపంచమునకు దాని జాడ తెలియదు. ఓరుగంటి వీథులను కన్నులకు కట్టినట్లు చూపు క్రీడాభిరామమున చుట్టకు చోటు లేకపోవుటకు కారణమిదియే. ఆయుర్వేదమున ధూమపానమను చికిత్స ఒకటి కలదు గాని, అది మూలికలను వత్తిగా చేసి వాడెడి ఔషధము, వ్యసనము కాదు.

నేడు వరంగల్లు, హనుమకొండ, కాజీపేట కలిసి ఒక మహానగరముగా ఎదిగినవి. ఈ నగరమున బీడీ గాని, సిగరెట్టు గాని ఏనాడును నోట పెట్టనివారే అధికసంఖ్యాకులు. ఐనను వారిలో అనేకుల ఊపిరితిత్తులలోనికి ఆ పొగ ప్రతిదినము పోవుచునే యున్నది. తాను త్రాగక, ఎదుటివాడు వదలిన పొగను పీల్చుటకు శాస్త్రజ్ఞులు పరోక్ష ధూమపానమని పేరిడిరి. ఈ పొగ ఎవరికి ఎక్కువగా సోకును? ఎవరికి తక్కువగా సోకును? ఆ భేదమునకు హేతువులేవి? ఈ ప్రశ్నలకు సమాధానము సగము రసాయనశాస్త్రములోను, సగము చరిత్రలోను ఉన్నది.

ఒకే కాలమున రెండు కథలు

పోర్చుగీసువారి మూలమున పొగాకు దక్కనునకు వచ్చినది. అక్బరు కొలువులోని అసద్‌బేగు బిజాపురమునకు రాయబారిగా వెళ్లి, 1604-05 ప్రాంతమున తిరిగి వచ్చుచు, అచట చూచిన ఈ వింత ఆకును, రత్నములు తాపిన పొగగొట్టమును పాదుషాకు కానుకగా తెచ్చెను. అక్బరు ఒకటి రెండు మారులు పీల్చి చూచెను. కొలువులోని వైద్యులు, తమ గ్రంథములలో లేని వస్తువును ఎట్లు సేవించుటయని వారించిరి. కాని సర్దారులకు దానిపై మోజు కలిగెను. జహంగీరు 1617లో దానిని నిషేధించెను గాని, నిషేధము నిలువలేదు.

సరిగా ఆ 1604లోనే ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును ఖండించుచు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. అందు ఆయన చేసిన ఆరోపణలలో ఒకటి మన విషయమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. పొగ త్రాగు భర్త తన భార్యకు రెండే త్రోవలు మిగుల్చుచున్నాడు: ఆమెయు పొగ త్రాగవలెను, లేదా జీవితాంతము ఆ దుర్గంధమును భరింపవలెను. రాజుగారికి నికోటిను తెలియదు, పుట్టకురుపు కారణములు తెలియవు. ఐనను నాలుగు గోడల నడుమ ఒకడు త్రాగు పొగ ఇంకొకరిదియు అగుననునది ఆయన కంటబడినది. ఆ యింటియిల్లాలి మాటను శాస్త్రము లెక్కలోనికి తీసుకొనుటకు పిమ్మట సుమారు 377 సంవత్సరములు పట్టినది.

వరంగల్లునకు వచ్చిన త్రోవలు

తెలుగుదేశమున పొగాకు తొలుత చుట్టగా స్థిరపడినది. చుట్టను అరుగుమీదనో, పొలముగట్టుననో కూర్చుండి త్రాగుట వాడుక. పొగను ఇంటిలోనికి, బండ్లలోనికి, పనిశాలలలోనికి తెచ్చినవి బీడీయు సిగరెట్టును. అవి చిన్నవి, చౌకయైనవి, జేబులో నిముడునవి. ఐదు నిమిషములలో ముగియునవి. తీరిక లేని పట్టణజీవితమునకు అవి సరిపోయినవి.

వరంగల్లునకు ఆ పట్టణజీవితము రైలుతో వచ్చినది. నిజాము రైలుమార్గము 1889 నాటికి ఈ ప్రాంతము మీదుగా బెజవాడను చేరెను. 1929లో కాజీపేట నుండి బల్లార్షా వరకు మార్గము పూర్తికాగా, మదరాసు ఢిల్లీల నడుమ కాజీపేట ముఖ్యమైన కూడలియయ్యెను. హైదరాబాదులో 1916లో వజీర్ సుల్తాన్ స్థాపించిన కార్ఖానానుండి చార్మినార్ సిగరెట్లు రాజ్యమంతటికి వ్యాపించినవి. కోస్తాలో గుంటూరు సీమ వర్జీనియా పొగాకునకు పేరొందినది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనాలయము ఏర్పడినది.

బీడీకి కావలసిన ఆకు మాత్రము వరంగల్లు సీమదే. ములుగు, ఏటూరునాగారము అడవులలో తునికిచెట్లు విస్తారముగా నున్నవి. వేసవి ఎండలలో గిరిజనులును, పేద రైతుకూలీలును తునికాకును కోసి, కట్టలు కట్టి, కల్లములకు చేర్చుదురు. 1971లో వచ్చిన రాష్ట్ర చట్టముతో ఈ ఆకు వ్యాపారము ప్రభుత్వ నియంత్రణకు లోనైనది. బీడీలు చుట్టుపని తెలంగాణమున లక్షలాది స్త్రీలకు జీవనాధారము. చాట ఒడిలో పెట్టుకొని, ఆకు కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారము కట్టు ఆ తల్లుల యిండ్లలో పొగ లేకున్నను పొగాకు దుమ్ము కలదు. అది చంటిబిడ్డల ఊపిరిలోనికిని చేరును. కనుక పొగాకునకు గురియగుటయన్నది కేవలము అలవాటునకు సంబంధించినది కాదు, బ్రతుకుతెరువునకును సంబంధించినదని ఇక్కడనే తెలియుచున్నది.

1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు వెలసినది. వేలమంది కార్మికులు పనిచేసిన ఆ మిల్లు పిమ్మట మూతపడినది గాని, నూలుమిల్లుల పద్ధతియొకటి ఇక్కడ గమనింపదగినది. దూదిపీచు ఎగురుచుండు శాలలో ఒక్క నిప్పురవ్వ చాలును సర్వనాశనమునకు. అందుచేత నూలుమిల్లులలో యంత్రములున్నచోట పొగ త్రాగుట నిషిద్ధము. అక్కడ ఎవరి సమ్మతియు అడుగరు. ఎవరైన అభ్యంతరము చెప్పువరకు ఆగరు. ఆ స్థలమే పొగకు తగదని నిర్ణయింతురు. ఈ నియమము పత్తిని కాపాడుటకు ఏర్పడినది. ఇదే నియమము మనిషి ఊపిరితిత్తులను కాపాడుటకు ఏర్పడునప్పటికి చాల కాలము గడచినది.

శాస్త్రము ఎవరిని చూచినది?

1939లో జర్మనీ వైద్యుడు ఫ్రిట్జ్ లిక్‌కింట్ తన బృహద్గ్రంథమున పరోక్ష ధూమపానమను అర్థమిచ్చు పదమును వాడెను. కాని నాటి శాస్త్రలోకపు దృష్టి త్రాగువాని మీదనే యుండెను. 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులును, అమెరికాలో విండర్, గ్రేహాములును సిగరెట్టునకు ఊపిరితిత్తుల పుట్టకురుపునకు గల సంబంధమును వెల్లడించిరి. తెలుగువారి వైద్యులును ఈ పరిశోధనలో వెనుకబడలేదు. ఉత్తరకోస్తాలో కొందరు, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దీనిని అడ్డపొగ యందురు. దీనివలన అంగిటిలో పుట్టకురుపు కలుగుచున్నదని తెలుపు వ్యాసము 1957లోనే భారత వైద్యపత్రికలో ప్రకటితమైనది. కాని ఈ పరిశోధనలన్నిటను రోగి త్రాగువాడే. ప్రక్కన కూర్చున్నవారిని ఎవరును లెక్కింపలేదు.

వారిని లెక్కించినది జపానుకు చెందిన తకేషి హిరయామ. ఆయన నలుబదియేండ్లు దాటిన, స్వయముగా పొగ త్రాగని 91,540 మంది గృహిణుల వివరములను 14 సంవత్సరములపాటు గమనించెను. 1981 జనవరిలో ఆయన ఫలితములు బ్రిటిష్ వైద్యపత్రికలో వెలువడినవి. భర్త పొగ త్రాగని స్త్రీలకంటె, భర్త పొగ త్రాగు స్త్రీలలో ఊపిరితిత్తుల పుట్టకురుపు మరణములు ఎక్కువ. భర్త త్రాగు సిగరెట్ల సంఖ్య పెరిగినకొలది భార్యకు అపాయమును పెరిగినది. అధికముగా త్రాగువారి భార్యలకు అది ఇంచుమించు రెట్టింపు. అదే సంవత్సరము గ్రీసు దేశమున త్రికోపౌలోస్ బృందమును ఇట్టి ఫలితమునే కనుగొనెను. సిగరెట్టు పరిశ్రమవారు హిరయామ గణితమును బహిరంగముగా ఆక్షేపించిరి. కాని వారు నియమించుకొన్న నిపుణులే ఆ పరిశోధన సరియైనదని లోలోపల ఒప్పుకొనినట్లు తరువాత బయటపడిన అంతరంగిక పత్రములు తెలుపుచున్నవి.

ఇంకొక సాధనమును ఈ శాస్త్రమునకు తోడ్పడినది. నికోటిను శరీరమున ప్రవేశించిన పిదప కోటినిను అను పదార్థముగా మారును. నికోటిను కొలది గంటలలో తగ్గిపోవును గాని, కోటినిను సగమగుటకు సుమారు 16 గంటలు పట్టును. కనుక లాలాజలమును గాని, మూత్రమును గాని పరీక్షించి, నిన్న మొన్న ఎంత పొగ సోకినదో తెలియవచ్చును. 1985లో ఇంగ్లండున 11 మొదలు 16 ఏండ్ల వయసుగల, పొగ త్రాగని బడిపిల్లల లాలాజలమును ఇట్లు పరీక్షించిరి. తలిదండ్రులిరువురును త్రాగనివారైన పిల్లలలో కోటినిను అత్యల్పము. ఒకరు త్రాగువారైన అంతకు ఎక్కువ. ఇరువురును త్రాగువారైన అన్నిటికంటె ఎక్కువ. పిల్లవాని లాలాజలము ఆ యింటి అలవాటును ఉన్నదున్నట్లు చెప్పినది.

1986లో అమెరికా ప్రధాన వైద్యాధికారి నివేదిక పరోక్ష ధూమపానము పుట్టకురుపునకు హేతువని నిర్ధారించినది. 2006 నాటి నివేదిక ఇంకను ముందునకు పోయి, అపాయము లేని కనీస పరిమాణమనునది ఈ పొగకు లేదని తేల్చినది. పరోక్ష ధూమపానమువలన గుండెజబ్బు 25 నుండి 30 శాతము, ఊపిరితిత్తుల పుట్టకురుపు 20 నుండి 30 శాతము అధికమగునని ఆ నివేదిక అంచనా. ప్రపంచము మొత్తము మీద ఏటేట పదిలక్షలకు మించిన ప్రాణములు ఈ విధముగా పోవుచున్నవని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలు తెలుపుచున్నవి.

గదిలోని లెక్క

సిగరెట్టునుండి పొగ రెండు విధముల వెలువడును. త్రాగువాడు లోనికి పీల్చునది ఒకటి. పీల్పునకు పీల్పునకు నడుమ నిప్పుకొన నుండి తనంతట లేచునది రెండవది. గదిలో చేరు పొగలో అధికభాగము ఈ రెండవదే. పీల్చునపుడు గాలి చొరబడి నిప్పు ప్రజ్వరిల్లును. ఊరకున్నపుడు తక్కువ వేడిలో, చాలినంత గాలి లేక, పొగాకు అసంపూర్ణముగా మండును. అందుచేత ఎత్తుకు ఎత్తు తూచి చూచిన, ఈ రెండవ పొగయే ఎక్కువ విషపూరితము. పొగాకు పొగలో ఏడువేలకు మించిన రసాయనములు కలవు. వానిలో పుట్టకురుపు కలిగించునవి డెబ్బది వరకు కలవు.

ఇక పాఠశాల గణితముతో ఒక లెక్క వేయుదము. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లుగల గది ఒకటి తీసికొందము. దాని ఘనపరిమాణము 27 ఘనపు మీటర్లు. ఒక సిగరెట్టు ఆ గదిలో సుమారు 10 మిల్లీగ్రాముల సన్నని ధూళిని విడిచినదనుకొందము. అది గదియంతట సమముగా వ్యాపించిన, ఒక్కొక్క ఘనపు మీటరు గాలిలో ఇంచుమించు 370 మైక్రోగ్రాములుండును. ఇట్టి సన్నని ధూళి రోజు సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. అనగా ఒక్క సిగరెట్టుతో గదిలోని గాలి కొంతసేపు ఆ సంఖ్యకు ఆరురెట్లు దాటిపోవును.

తలుపులు మూసియుండి, గంటకు గది నిండినంత గాలి మాత్రమే మారుచుండెనేని, ఈ ధూళి 60 మైక్రోగ్రాములకు దిగివచ్చుటకు సుమారు గంట యేబది నిమిషములు పట్టును. ఎదురెదురు కిటికీలు తెరచి, గంటకు ఐదుమారులు గాలి మారినచో, ఇరువదిరెండు నిమిషములు చాలును. ఇంటికప్పునకు వ్రేలాడు పంకా ఈ పని చేయదు. అది పొగను గదిలోనే త్రిప్పును గాని వెలుపలికి పంపదు. పొగను మూలనున్నవానికి కూడ సమముగా పంచుటయే దాని పని. ఇరువది నిమిషములకొక సిగరెట్టు వెలుగు గదిలో కిటికీలును రక్షింపజాలవు.

ఎవరికెంత?

ఈ లెక్కను చేతపట్టుకొని నగరమున తిరిగి చూచిన, ఎవరికెంత పొగ సోకుననునది నాలుగు విషయములమీద ఆధారపడునని తెలియును.

మొదటిది ఇల్లు. ఒకే గదిలో వంట, పడక, చదువు సాగించు కుటుంబమున తండ్రి బీడీ ముట్టించినచో, బిడ్డ తప్పించుకొనుటకు రెండవ గది లేదు. పెరడు, అరుగు, వసారాగల పాత యిండ్లలో పొగకు బయటి త్రోవ ఉండెడిది. స్థలము చాలని ఇరుకుటిండ్లలోను, కిటికీలు బిగించి చల్లనిగాలి యంత్రము నడుపు గదులలోను ఆ త్రోవ మూసికొనిపోయినది. పేదవానికి గది చాలక, కలవానికి గది మూసికొని, ఇద్దరికిని ఫలితమొక్కటే.

రెండవది పని. కార్యాలయములో బల్లముందు కూర్చుండువాడు, తేనీటి దుకాణమున గ్లాసులు కడుగు కుఱ్ఱవాడు, ఫలహారశాలలో వడ్డించువాడు, బస్సు కండక్టరు, వీరందరును తాము కోరిన గాలిని ఎన్నుకొనలేరు. వచ్చిపోవు గ్రాహకుడు పది నిమిషములు పొగలో నుండును; అక్కడి పనివాడు పది గంటలు ఉండును.

మూడవది తెలివిడి. తన పొగ తనకే చేటు అని నమ్మువాడు చంటిపిల్లను ఒడిలో నుంచుకొనియే త్రాగును. వాకిట త్రాగి లోనికి వచ్చిన చాలునని తలచువాడు, వాకిలి తెరచియున్నచో పొగ లోపలికి వచ్చునని తలపడు. చదువుతోపాటు ఇంటిలో పొగ తగ్గుట అనేక దేశముల పరిశీలనలలో కనబడినది.

నాలుగవది మాట చెల్లుబాటు. దీనిని యంత్రములతో కొలువలేము గాని, చరిత్రలో దీని ప్రభావమే అధికము. మామగారిని చుట్ట బయట కాల్చుకొనుమని కోడలు చెప్పగలదా? యజమానిని కుఱ్ఱవాడు వారింపగలడా? అధికారి గదిలో గుమాస్తా దగ్గుటకైనను వెనుదీయును. ఎవరి మాట చెల్లదో వారి ఊపిరిలోనికే పొగ ఎక్కువగా పోవుచున్నది.

సమ్మతి నుండి స్థలమునకు

మన దేశపు చట్టములను వరుసగా చూచిన, ఈ నాలుగవ విషయము ఎంత ముఖ్యమైనదో తేటపడును. 1890 నాటి భారత రైల్వేచట్టము, పొగ త్రాగువారికై ప్రత్యేకింపని పెట్టెలో, తోడి ప్రయాణికుల సమ్మతి లేక పొగ త్రాగినవానికి 20 రూపాయల వరకు జరిమానా విధించెను. చూచుటకు ఇది న్యాయముగనే యున్నది. కాని సమ్మతి నెవరు అడుగుదురు? మౌనముగా ముక్కు మూసికొనినవాడు సమ్మతించినట్లే లెక్క. 1989 నాటి రైల్వేచట్టము, తోడి ప్రయాణికుడు అభ్యంతరము చెప్పినచో త్రాగరాదనెను. ఏ బండిలోనైనను పూర్తిగా నిషేధించు అధికారమును రైల్వేవారికి కూడ ఇచ్చెను. నూరేండ్లు గడచినను, నోరు విప్పవలసిన భారము మాత్రము త్రాగనివాని మీదనే యుండెను. కాజీపేటలో బండియెక్కిన పల్లెటూరి ముదుసలి, ఎదుట కూర్చున్న అపరిచితుని మందలించుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును.

1975 నాటి సిగరెట్ల చట్టము పెట్టెమీద హెచ్చరికను ముద్రింపుమనెను. ఆ హెచ్చరిక పెట్టెను కొన్నవానికే గాని, ప్రక్కవానికి కాదు.

మార్పు న్యాయస్థానముల నుండి వచ్చినది. 1999 జూలైలో కేరళ ఉన్నతన్యాయస్థానము, బహిరంగస్థలములలో పొగ త్రాగుట త్రాగనివారి జీవించు హక్కునకు భంగకరమని తీర్పు చెప్పినది. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు, మురళీ దేవ్‌రా వ్యాజ్యమున, ఆసుపత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, న్యాయస్థానములు, ప్రభుత్వ కార్యాలయములు, రైళ్లు మొదలగు ప్రజావాహనములలో పొగ త్రాగుటను దేశమంతట నిషేధింపవలెనని ఆజ్ఞాపించెను. 2003లో పార్లమెంటు సమగ్రమైన పొగాకు చట్టమును చేసెను. అది 2004 మే 1 నుండి అమలునకు వచ్చెను. 2008 అక్టోబరు 2న, గాంధీజయంతినాడు, అమలునకు వచ్చిన నియమములు పనిచోట్లను, చిత్రశాలలను, అంగడిసముదాయములను కూడ ఇందులో చేర్చి, రైల్వేస్టేషనులు, బస్సుస్టాండ్లు సైతము మినహాయింపు పొందిన ఆరుబయళ్లు కావని స్పష్టపరచెను. జరిమానా 200 రూపాయల వరకు. జరిమానా విధించు అధికారము గలవారిలో పాఠశాలల ప్రధానోపాధ్యాయులును ఉన్నారు. విద్యాసంస్థలకు నూరుగజముల లోపల పొగాకు వస్తువుల నమ్మరాదు.

ఇట్లు నూలుమిల్లు నాడు పత్తికి ఇచ్చిన రక్షణను, చట్టము చివరకు మనిషికి ఇచ్చినది. ఇప్పుడెవరి సమ్మతియు అక్కరలేదు. స్థలమే పొగకు తగనిది. కాని ఒక వెలితి మిగిలినది. 30 గాని అంతకు మించి గాని గదులున్న హోటళ్లలోను, 30 మంది గాని అంతకు మించి గాని కూర్చుండు భోజనశాలలలోను, విమానాశ్రయములలోను పొగ త్రాగుటకు వేరుగది ఏర్పరచుకొనవచ్చునని చట్టము అనుమతించినది. ముందు చూచిన గది లెక్క తెలిసినవారికి దీనిలోని లోపము వెంటనే కనబడును. తలుపు తెరచిన ప్రతిసారి పొగ వెలుపలికి వచ్చును. ఆ గదిని ఊడ్చువాడు పొగలోనే ఊడ్వవలెను. ఐర్లండు 2004 మార్చిలో పనిచోట్ల పొగను దేశమంతట నిషేధించినపుడు, ముఖ్యముగా పనివారినే దృష్టిలో పెట్టుకొన్నది.

రెండు సర్వేలు చెప్పిన కథ

చట్టమువలన ఫలితమెంత? 2009-10లోను, 2016-17లోను కేంద్రప్రభుత్వము దేశవ్యాప్తముగా పదునైదేండ్లు నిండినవారిలో పొగాకు వాడుకను గూర్చి సర్వే జరిపించెను. ఈ రెంటి నడుమ పొగ త్రాగువారు 14 శాతము నుండి 10.7 శాతమునకు తగ్గిరి. ఇంటిలో ఎదుటివాని పొగకు గురియగువారు 52 శాతము నుండి 39 శాతమునకు తగ్గిరి. కాని మూసిన చోట్ల పనిచేయువారిలో పనిచోట పొగకు గురియగువారు అప్పుడును ఇప్పుడును ముప్పది శాతమే.

ఇది ఆశ్చర్యకరము. ఇంటిలోనికి చట్టము ప్రవేశింపదు. అక్కడ పొగ తగ్గినది. పనిచోట చట్టమున్నది, అక్కడ తగ్గలేదు. చట్టము నిష్ప్రయోజనమని దీని అర్థమా? తొందరపడరాదు. దీనికి ఒక కారణమును గణితమే సూచించుచున్నది. త్రాగువారు నూటికి 14 మంది యున్నప్పుడు, యాదృచ్ఛికముగా కూడిన ఇరువదిమందిలో కనీసము ఒక్కడైన త్రాగువాడుండు సంభావ్యత 95 శాతము. త్రాగువారు 10.7 శాతమునకు తగ్గినను ఆ సంభావ్యత 90 శాతమునకే తగ్గును. చిన్న కుటుంబమున ఒకడు మానిన, ఆ యింటి గాలియంతయు మారును. పెద్ద గదిలో పదిమంది మానినను, ఒక్కడు మిగిలినచో అందరికిని పొగ తప్పదు. కావున జనము కూడుచోట త్రాగువారి సంఖ్య తగ్గుట ఒక్కటే చాలదు. ఆ స్థలమున అసలే త్రాగరాదను నియమము నిజముగా అమలు జరుగవలెను. గోడమీద బల్ల తగిలించుట వేరు, దానిని అందరు పాటించుట వేరు. జరిమానా వేయవలసిన అధికారియే సిగరెట్టు ముట్టించుచోట గుమాస్తా మాట మరల చెల్లదు. పాత సమ్మతి న్యాయమే క్రొత్త చట్టము చాటున సాగిపోవును.

ఇంటి విషయము దీనికి తారుమారు. అక్కడ కొలువునకు వచ్చు అధికారి లేడు. ఐనను 2016-17 నాటికిని దేశములో నూటికి 39 మంది తమ యింటిలోనే ఈ పొగను పీల్చుచుండిరి. హిరయామ లెక్కించిన ఇల్లాండ్రు, ఇంగ్లండు బడిపిల్లలు, జేమ్సు రాజు పేర్కొన్న భార్య, వీరందరును ఇంటిలోనివారే. ఇక్కడ పనిచేయునది తెలివిడియు, మాట చెల్లుబాటును మాత్రమే. ఆ రెండును కలిగించు చోటు పాఠశాల.

ఉన్నతపాఠశాల విద్యార్థి 27 ఘనపు మీటర్ల గది లెక్కను తన యింటి కొలతలతో మరల వేయవచ్చును. కిటికీ ఎటున్నది, తలుపెటు తెరచును, తమ్ముడెక్కడ పండుకొనును అని పటము గీయవచ్చును. తాత చుట్ట కాల్చు చోటును ఆ పటములో గుర్తింపవచ్చును. పెద్దలను మందలించుట మన యిండ్లలో పిల్లలకు తగనిదని యెంచుదురు. కాని బడిలో వేసిన లెక్కను ఇంటిలో చూపుట మందలింపు కాదు. ఆ కాగితమును చూచి తాత తన కుక్కిమంచమును వాకిటికి మార్చుకొన్నచో, పిల్లవాని మాట చెల్లినట్లే. తాత పొగ త్రాగుట మానుకొన్నచో, ఆయన ఊపిరియు నిలిచినట్లే.

కాకతీయుల ఓరుగల్లులో ఈ పొగ లేకుండుట ఆ మొక్క సముద్రము దాటకుండుటచేతనే గాని, వారి వివేకముచేత కాదు. నేటి వరంగల్లులో ఇది లేకుండ పోవలెనన్న, అది వివేకముచేతనే కావలసియున్నది.